ఆర్డర్ షీట్‌లో ఇంకో గడి కావాలి: ఐసీయూ బాధ్యులకు బహిరంగ లేఖ

ఐసీయూ ఇన్‌ఛార్జి డాక్టర్లకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు, ఆసుపత్రి యాజమాన్యాలకు నమస్కారం.

నేను 14 ఏళ్లుగా ఐసీయూలో స్టాఫ్ నర్సుని. పొద్దున్న హ్యాండోవర్‌లో లెక్కలేనన్నిసార్లు విన్న మాట ఒకటుంది: "నాలుగో బెడ్, రాత్రంతా నిలకడ లేదు, ట్యూబ్ లాగబోయాడు, మిడజోలమ్ బోలస్ రెండుసార్లు ఇచ్చాం, చేతులు కట్టాం." మిడజోలమ్ అంటే మత్తుమందు, బోలస్ అంటే ఒకేసారి ఎక్కించే మోతాదు. విన్నాననే కాదు, నా చేత్తో రాశాను కూడా. రౌండ్స్‌లో మీరు అది విని, డోసు సర్ది, ఐదో బెడ్‌కి వెళ్తారు. ఆ మనిషి రాత్రి దేనికి బెదిరాడు, ఏ వేళప్పుడు బెదిరాడు, పక్కన ఎవరైనా పది నిమిషాలు కూర్చుంటే ఏమయ్యేది అన్నవి రాయడానికి మన చార్ట్‌లో చోటే లేదు. చోటు లేదు కాబట్టి ఎవరూ రాయరు. రాయంది జరగనట్టే అని మాకు ట్రైనింగ్ మొదటి ఏడాదిలోనే నూరిపోశారు.

అడగదలచింది ముందే చెప్పేస్తాను. ఐసీయూ రోగికి ధ్యాస మళ్లించడం, అంటే పాటో, మాటో, ఆటో, కళ్లు మూసుకుని చేసే ఊహో, ఏదైనా సరే, ఇవాళ సిస్టర్ మంచితనం మీద ఆధారపడి నడుస్తోంది. మంచి సిస్టర్ డ్యూటీలో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. దాన్ని మందులాగే ఆర్డర్ షీట్‌లోకి, అంటే డాక్టరు మందులు రాసే కాగితంలోకి ఎక్కించండి. ఎవరికి, ఏది, ఎప్పుడు, ఎంతసేపు, ఇచ్చాక ఏమైంది అని రాసేలా ఒక గడి పెట్టండి.

ఎందుకో ఒక్క సంగతితో చెప్తాను. మిగతావి మర్చిపోయినా ఇది గుర్తుంటే చాలు.

న్యుమోనియాతో వచ్చిన ఒక పెద్దాయన వెంటిలేటర్ మీద ఉన్నారు. రోగం కుదుటపడింది. రక్తంలో గ్యాసెస్ బాగున్నాయి, ఎక్స్‌రే తేటపడింది, కఫం పెద్దగా లేదు. అయినా టీ-పీస్ (మిషన్ తీసేసి, రోగి ట్యూబ్‌తోనే తనంతట తాను ఊపిరి తీసుకోగలడా అని చూడటం) పెట్టిన పది నిమిషాలకల్లా నిమిషానికి ఊపిరి 36, గుండె 130, నుదుటి మీద చెమట. వరసగా రెండు రోజులు అదే తంతు. మళ్లీ మిషన్‌కి తగిలించడం, మళ్లీ సెడేషన్, అంటే మందుతో మత్తులో ఉంచడం. "ఊపిరితిత్తులు సిద్ధంగానే ఉన్నాయి సిస్టర్, మనిషే సిద్ధంగా లేడు" అన్నారు డ్యూటీ డాక్టరు గారు. ఆయన తప్పు పట్టినట్టు అనలేదు, ఉన్న మాటే అన్నారు.

ఆ సాయంత్రం విజిటింగ్ టైములో వాళ్లావిడని అడిగాను, ఆయన ఏం చేస్తారమ్మా అని. బస్సు డ్రైవరట. ఎన్నో ఏళ్లుగా ఒకటే రూటట.

మూడో రోజు టీ-పీస్ పెట్టడానికి ముందే స్టూల్ లాక్కుని కూర్చున్నాను. "బాబాయ్, ఇవాళ నన్ను మీ బస్సెక్కించుకోండి. డిపోలో బయల్దేరదాం. స్టాపు వచ్చినప్పుడల్లా వేలెత్తండి, నేను లెక్క పెడతాను" అన్నాను. చాలాసేపు నా మొహంలోకి చూశారు. దీనికేమైనా పిచ్చా అనుకుని ఉంటారు. తర్వాత కుడిచేతి చూపుడువేలు లేచింది. ఒకటి అన్నాను. ఇంకాసేపటికి మళ్లీ లేచింది. ఏడో స్టాపు దగ్గర వేలు దించలేదు. "జనం ఎక్కువున్నారా?" అంటే అవునని కళ్లార్పారు. నేను మానిటర్ వంకే చూస్తున్నాను కానీ, దుప్పటి కింద ఏదో కదులుతున్నట్టుంటే కిందికి చూశాను. ఎడమ పాదం. నొక్కుతోంది, వదులుతోంది. క్లచ్!

30 నిమిషాలు గడిచాయి. ఊపిరి 26, గుండె 104. డాక్టరు గారు వచ్చి చూసి, ఇంకో గంట ఉంచి, ట్యూబ్ తీశారు. గొంతు బొంగురుపోయి ఉంది, మాట్లాడొద్దన్నా వినలేదు. ఆయన మొదటి మాట: "34 స్టాపులమ్మా. నువ్వు 31 లెక్కపెట్టావు." నిజమే. మధ్యలో ఇన్ఫ్యూజన్ పంప్ అలారం మోగితే ఆపడానికి అటు తిరిగాను. మూడు స్టాపులు అక్కడ పోయాయి.

ఆ రోజు చార్ట్‌లో ఏముందో తెలుసా? "టీ-పీస్ 90 నిమిషాలు, బాగా తట్టుకున్నారు." అంతే. మర్నాడు వచ్చిన సిస్టర్‌కి బస్సు సంగతి తెలిసే దారే లేదు.

బస్సెక్కిస్తే న్యుమోనియా తగ్గుతుందని నేననడం లేదు. రోగం తగ్గాకే ఇది పనిచేసింది. ఆ రెండు రోజుల వెంటిలేటర్, ఆ రెండు రోజుల సెడేషన్ మాత్రం తప్పించగలిగేవాళ్లమేమో అని నా అనుమానం. ఒక్క మనిషి మీద జరిగింది రుజువు కాదని మీరంటారు, ఒప్పుకుంటాను. అందుకని రుజువు దగ్గరికే వస్తాను.

లిండా చ్లాన్ అనే నర్సింగ్ పరిశోధకురాలు, ఆమె బృందం అమెరికాలో 12 ఐసీయూల్లో వెంటిలేటర్ మీదున్న 373 మందితో చేసిన అధ్యయనం 2013లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. ఒక గుంపుకి తమకు నచ్చిన సంగీతం, ఎప్పుడు కావాలంటే అప్పుడు వినే వీలు. రెండో గుంపుకి చప్పుడు వినపడనివ్వని హెడ్‌ఫోన్లు మాత్రమే. మూడో గుంపుకి మామూలు సంరక్షణ. ఆందోళనని 100 మిల్లీమీటర్ల గీత మీద కొలిచారు. మామూలు సంరక్షణతో పోలిస్తే సంగీతం గుంపులో అది 19.5 పాయింట్లు తక్కువ. ఐదో రోజుకి సెడేటివ్ డోసులు 38 శాతం, సెడేషన్ తీవ్రత 36 శాతం తగ్గాయి.

ఆ అంకెల కన్నా నన్ను ఆపింది ఇంకోటి. అందులో డాక్టరు టైము నిర్ణయించలేదు, నర్సు పాట ఎంచలేదు. మ్యూజిక్ థెరపిస్టు ముందుగా రోగి ఇష్టాలు తెలుసుకుని ఆ పాటలు సిద్ధం చేశారు. ఆ తర్వాత ఎప్పుడు పెట్టుకోవాలో, ఎప్పుడు తీసేయాలో రోగి ఇష్టం. ఐసీయూలో రోగి చేతిలో ఉండేది ఏముంది చెప్పండి? నిద్ర మనం చెప్పినప్పుడు, స్నానం మనకి కుదిరినప్పుడు, చివరికి ఊపిరి కూడా మిషన్ లెక్కన. అలాంటి చోట ఒక్క బటన్ ఆయన వేలి కింద ఉంటే అదే సగం మందని నాకనిపిస్తుంది. సంగీతం ఎంత, ఆ బటన్ ఎంత అని విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

ఇది ఎలా పనిచేస్తుందో మీకు నేను చెప్పాల్సిన పనిలేదు, యాజమాన్యం వాళ్ల కోసం రెండు ముక్కలు. మనసు ఒకసారి పట్టుకోగలిగింది కొంతే. ఆ కొంతలో సగం వేరే పనికి పోతే భయానికి మిగిలే జాగా తగ్గుతుంది. నొప్పి విషయంలో 1965లోనే మెల్జాక్, వాల్ అనే ఇద్దరు గేట్ కంట్రోల్ సిద్ధాంతం చెప్పారు. వెన్నుపాములో గేటులాంటిది ఒకటి ఉంటుందనీ, దాన్ని పైనుంచి మెదడు కూడా తెరవగలదు, మూయగలదనీ. కాలిన గాయాలకి డ్రెస్సింగ్ మార్చేటప్పుడు రోగులకి వర్చువల్ రియాలిటీ కళ్లద్దాలు పెట్టి మంచు లోయలో తిప్పిన హాఫ్‌మన్, ప్యాటర్సన్‌ల పని కూడా ఈ దారిలోదే. మంచు ముద్దలు విసురుతున్నంతసేపు నొప్పి తక్కువగా ఉందన్నారు రోగులు.

ఐసీయూలో దీనికి ఇంకో మెలిక ఉంది. గాభరా పడ్డ రోగి గబగబా, పైపైన ఊపిరి తీస్తాడు. మిషన్ ఇచ్చే గాలికీ ఆ ఊపిరికీ లయ తప్పుతుంది. హై ప్రెషర్ అలారం కొడుతుంది. తలాపున ఆ మోత వింటే ఎవరికైనా ప్రాణం పోతోందనే అనిపిస్తుంది కదా, ఇంకా గాభరా పడతాడు. అప్పుడు మేం పరిగెత్తుకొస్తాం, నలుగురం మీద వంగుతాం, చేతులు పట్టుకుంటాం. అది చాలదూ! చివరికి మిడజోలమ్. మిడజోలమ్ లాంటి బెంజోడయాజిపైన్లకీ, డెలీరియానికీ (జబ్బులో మతి తికమకపడటానికి) ఉన్న చుట్టరికం మీకు తెలిసిందే. 2018లో వచ్చిన క్రిటికల్ కేర్ మార్గదర్శకాలు వాటికన్నా ప్రొపొఫాల్, డెక్స్‌మెడిటోమిడిన్ అనే వేరే మత్తుమందుల వైపు మొగ్గాయి. నొప్పికి సంగీతం ఇచ్చి చూడమని అన్నదీ, నిద్రకి చెవుల్లో ఇయర్‌ప్లగ్స్, కళ్లకి ఐ మాస్క్ సూచించిందీ ఆ మార్గదర్శకాలే. వర్చువల్ రియాలిటీని, హిప్నాసిస్‌ని మాత్రం ఐసీయూ రోగుల నొప్పికి అవి సిఫారసు చేయలేదు. కాబట్టి ఖరీదైన కళ్లద్దాలు కొని రిబ్బన్ కత్తిరించి ఫొటోలు దిగాలని ఎవరికైనా ఉంటే, ఈ లేఖని అందుకు సాక్ష్యంగా చూపించకండి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. మంచి మాటలే చెప్తే నమ్మరు కూడా.

పాటలు పనిచేస్తాయని చదివిన కొత్తలో, ట్రాకియాస్టమీ (గొంతు దగ్గర రంధ్రం చేసి పెట్టిన ట్యూబ్) ఉన్న ఒకావిడకి రెండు చెవులూ పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు పెట్టాను. వేణువు, మెల్లని వాద్యం. నాకే హాయిగా ఉంది. ఐదు నిమిషాల్లో ఆవిడ గుండె వేగం పెరిగింది, కళ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. నచ్చలేదేమో అనుకుని పాట మార్చాను. ఇంకా పెరిగింది. చివరికి తలని దిండుకేసి రుద్ది హెడ్‌ఫోన్లు ఊడదీసుకుంది. వారం తర్వాత, మాట్లాడే వీలిచ్చే స్పీకింగ్ వాల్వ్ పెట్టాక చెప్పింది: "మీ అడుగుల చప్పుడు వినపడలేదమ్మా. అందరూ వెళ్లిపోయారనుకున్నా."

మనకి గోలగా వినిపించేది ఆవిడకి తోడు. అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. మొదటిసారి ఒక్క చెవికే. నేను ఎదురుగా కనిపిస్తూ. ముందు అడిగి, వద్దంటే వెంటనే తీసేసి. పాట నడుస్తుండగా సక్షన్‌కో (ట్యూబ్‌లో కఫం లాగడానికో) సూదికో వెళ్లాల్సొస్తే పాట ఆపి చెప్పాకే చేయడం. ధ్యాస మళ్లించడమంటే చాటుగా వచ్చి పొడవడం కాదు. ఒక్కసారి అలా చేశామంటే ఆ రోగి మళ్లీ ఏ పాటనీ నమ్మడు, పాట మొదలైతే చాలు సూది కోసం చూస్తాడు. "ఇప్పుడు గొట్టంలో సక్షన్ చేస్తున్నా, పది అంకెలు లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అని చెప్పి, ఆ పది నాతోపాటు వేళ్లతో లెక్కపెట్టిస్తే సరిపోతుంది. అదీ ధ్యాస మళ్లింపే, పైసా ఖర్చు లేదు.

గోడకి టీవీ పెట్టి వదిలేయడాన్ని దయచేసి ఈ లెక్కలో వేయకండి. అది చాలావరకు మా స్టేషన్‌లో వాళ్ల కాలక్షేపం. పడుకున్న మనిషికి సగం తెరే కనబడుతుంది, కళ్లజోడు డబ్బాలో ఉంటుంది, వార్తల్లో ఎవరో అరుచుకుంటూ ఉంటారు. కళ్లజోడు, వినికిడి మిషన్ గురించి ప్రత్యేకంగా చెప్తున్నాను. వాటిని విలువైన వస్తువులని సీల్ చేసి ఇంటివాళ్లకి ఇచ్చేస్తాం. తర్వాత రోగి మాటకి స్పందించడం లేదని రాస్తాం!

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఒకటి. గాభరా ఒక్కోసారి గాభరా కాదు. ఆక్సిజన్ తగ్గినా, కార్బన్ డయాక్సైడ్ పెరిగినా, ట్యూబ్‌లో కఫం అడ్డుపడ్డా, షుగర్ పడిపోయినా, క్యాథెటర్ మూసుకుపోయి మూత్రం నిండినా మనిషి అలాగే కొట్టుకుంటాడు. మద్యం మానేసిన మూడో రోజున కూడా అంతే. అప్పుడు పక్కన కూర్చుని బస్సు స్టాపులు లెక్కపెట్టించడం ఘోరం. అందుకే నేనడిగే గడిలో మొదటి వరుస పాటది కాదు: గాలి, ట్యూబ్, నొప్పి, షుగర్, మూత్రం చూశారా? చూశాకే మిగతాది. డెలీరియంలో ఉండి లేనివి చూస్తున్న మనిషికి ఊహల్లోకి తీసుకెళ్లే పని అసలు పెట్టుకోకూడదు. ఆయనకి కావాల్సింది గడియారం, తేదీ, తెలిసిన మొహం. క్యామ్-ఐసీయూ (డెలీరియం ఉందో లేదో చూసే పరీక్ష) ఎలాగూ చేస్తున్నాం కదా, దాని ఫలితం ఈ గడి పక్కనే ఉంటే ఏది ఇవ్వొచ్చో ఏది కూడదో కొత్త సిస్టర్‌కి కూడా తెలుస్తుంది.

"ఉన్న పనికే కాలు నిలవడం లేదు, ఇదెక్కడ చేస్తాం" అని నా తోటివాళ్లే ముందుగా అంటారు. న్యాయమే. ఒకే రాత్రి రెండు అడ్మిషన్లు, ఒక కోడ్ బ్లూ (గుండె ఆగిన రోగి కోసం అత్యవసర పిలుపు) వచ్చిందంటే నేనూ ఎవరి పక్కనా కూర్చోలేను, కూర్చుంటానని అబద్ధం చెప్పను. కానీ ట్యూబ్ పీకేసుకున్న రోగికి మళ్లీ వేయడానికి ఎందరు కావాలి, ఎంతసేపు పడుతుంది? చేతులు కట్టిన రోగిని గంట గంటకీ విప్పి చూసి రాయడానికి? ఆ టైము ఎవరూ అదనపు పనిగా లెక్కెయ్యరు, ఎందుకంటే దానికి చార్ట్‌లో గడి ఉంది! కూర్చోలేని రాత్రుల కోసమే రోగి తనంతట తాను నొక్కుకునే ప్లేయర్ ఉండాలి. విజిటింగ్ టైములో వచ్చిన ఇంటివాళ్లకీ పని అప్పజెప్పొచ్చు. ఇప్పుడు వాళ్లు వచ్చి మానిటర్ అంకెలు చూసి ఏడ్చి వెళ్తున్నారు. ఏం చేయాలో చెప్పేవాళ్లు లేక చేస్తున్న పని అది. ఆయనకి ఇష్టమైన పుస్తకం పది పేజీలు చదవమంటే, పాత ఆల్బమ్ పట్టుకొచ్చి ఫొటో ఫొటోకీ ఎవరెవరో చెప్పమంటే, వాళ్ల చేతులకీ పని దొరుకుతుంది.

ఇది మన పని కాదనే వాళ్లకి ఐసీయూ ఎలా పుట్టిందో గుర్తుచేస్తాను. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి తీయలేని వాళ్లు బ్లెగ్డమ్ ఆసుపత్రిలో నిండిపోయారు. బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు ఆ ఆగస్టులో 12 ఏళ్ల అమ్మాయికి గొంతు దగ్గర రంధ్రం చేయించి, ట్యూబ్ పెట్టి, రబ్బరు సంచి చేత్తో నొక్కుతూ గాలి ఎక్కించి బతికించాడు. అన్ని మిషన్లు లేవు. మెడికల్ విద్యార్థుల్ని పిలిచారు. దాదాపు 1500 మంది వంతులేసుకుని మంచాల పక్కన కూర్చుని గంటల తరబడి సంచులు నొక్కారు. నొక్కుతూ ఊరికే కూర్చోలేదు, రోగులకి పుస్తకాలు చదివి వినిపించారు, వాళ్లతో ఆటలాడారు. మరుసటి ఏడాది ఇబ్సెన్ మొదలుపెట్టిన యూనిట్‌నే ప్రపంచంలో మొదటి ఐసీయూల్లో ఒకటిగా చెప్తారు. తర్వాత సంచి నొక్కే చేతుల స్థానంలో మిషన్ వచ్చింది, మంచిదే. ఆ చేతులతోపాటు పక్కన కూర్చున్న మనిషి కూడా లేచి వెళ్లిపోయాడు. కొత్తది తెమ్మని నేనడగడం లేదు, అప్పుడు పోయినదాన్ని మళ్లీ కూర్చోబెట్టమంటున్నాను.

యాజమాన్యం వాళ్లకి విడిగా ఒక మాట. పాటలు పెట్టి, ఆ పాటలు వినపడనంత రొద మనమే చేస్తే లాభం లేదు. ఆసుపత్రి గదుల్లో సగటు చప్పుడు 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పింది. ఏ ఐసీయూలోనైనా రాత్రి రెండింటికి నిలబడి వినండి, తెలుస్తుంది. అమెరికాలో ఒక ఆసుపత్రి ఐసీయూల్లో లెక్కపెడితే బెడ్‌కి రోజుకి 187 అలారాలు వినిపించేలా మోగాయని 2014లో రాశారు. గుండె లయ తప్పిందని కొట్టిన అలారాల్లో వాళ్లు పరిశీలించినవి ఎక్కువశాతం ఉత్తవే. అలారం మోగే హద్దుల అంకెలు రోగిని బట్టి మార్చడానికి మాకు అధికారమూ ట్రైనింగూ ఇవ్వండి. బెడ్లు కిటికీ వైపు తిప్పే వీలుంటే తిప్పండి. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనపడినవాళ్లు, ఇటుక గోడ కనపడినవాళ్ల కన్నా ముందే ఇంటికెళ్లారనీ, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారనీ రోజర్ ఉల్రిచ్ 1984లో రాశాడు. వాళ్లు ఐసీయూ రోగులు కారు, అయినా మంచం తిప్పడానికి ఆ మాత్రం ఆధారం చాలు.

ఇక ఆ గడి ఎలా ఉండాలో. అడ్మిషన్ రోజున ఇంటివాళ్లతో ఒక కార్డు నింపించాలి: ఏం పని చేస్తారు, ఏ భాషలో హాయిగా ఉంటారు, కళ్లజోడు ఉందా, చెవులు బాగా వినపడతాయా, ఏ పాటలు ఇష్టం, ఏవి అసలు వద్దు, దేనికి భయపడతారు. చీకటా, ఒంటరిగా ఉండటమా, సూదులా, ఇంకేదైనానా. అది బెడ్ తలాపున ఉండాలి, ఫైల్ అడుగున కాదు. ఆర్డర్ షీట్‌లో రోజువారీ ఆర్డర్: ఏది, ఎప్పుడు. ముఖ్యంగా టీ-పీస్‌కి ముందు, డ్రెస్సింగ్‌కి ముందు, రాత్రి లైట్లు తగ్గించేటప్పుడు. ఇవ్వకముందు, ఇచ్చిన అరగంటకి, సున్నా నుంచి 100 దాకా గీత మీద రోగి వేలు పెట్టిన చోటు. వేలు పెట్టలేని వాళ్లకి ఊపిరి, గుండె వేగం. పనిచేయకపోతే పనిచేయలేదని రాయడానికి చోటు, అది తప్పకుండా ఉండాలి. హెడ్‌ఫోన్లకి ఒకరికి ఒకటి చొప్పున పారేసే కవర్లు, షిఫ్ట్ మారినప్పుడు తుడవడం. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ వాళ్లు ముందు అడిగేది అదే, వాళ్లడగడంలో న్యాయముంది.

చాలా ఆసుపత్రుల్లో చార్టులు మూడు నాలుగు నెలలకోసారి ప్రింటుకి వెళ్తాయి. మీ దగ్గర ఈసారి వెళ్లేముందు ఒక్కసారి ఆ కాగితం తీసి చూడండి. ఇన్‌టేక్, అవుట్‌పుట్ గడుల కింద, సంతకానికి పైన, రెండు వేళ్ల వెడల్పున ఖాళీ ఉంటుంది. మా చార్ట్‌లో అక్కడే పెన్సిల్‌తో రాసుకుంటున్నాను. బస్సు బాబాయ్ తర్వాత ఇప్పటికి తొమ్మిది మందికి రాశాను, వాళ్లలో ఇద్దరికి ఏ తేడా కనబడలేదు. అదీ రాశాను.

ఇట్లు,
ఒక ఐసీయూ స్టాఫ్ నర్సు